ముందు ఆ గిటార్ అటక మీంచి దించండి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. 'మిస్టర్ బ్రైట్‌సైడ్' అనే ఇంగ్లిష్ పాట పట్టుకుని రోజంతా గిటార్ వాయిస్తుంటాడు. చదువు మానేసి బ్యాండ్ పెడతాడట. 'ఆ పాట చేసినవాళ్లేమైనా ఇంజినీర్లా నాన్నా?' అంటాడు. కోపమొచ్చి గిటార్ అటక మీద పడేశాను. ఏం చేయాలి?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందు దాన్ని కిందికి దించండి. మన ఎండలకు అటక మీద నెక్ వంగిపోతే రిపేరు ఖర్చు మళ్లీ మీదే.

మీవాడన్నది నిజమే, వాళ్లెవరూ ఇంజినీర్లు కారు. మరి ఏం చేసేవారో కూడా తెలుసుకుంటే బాగుండేది. ఆ బ్యాండ్ పేరు ది కిల్లర్స్ (పేరు చూసి కంగారు పడకండి), ఊరు అమెరికాలోని లాస్ వేగాస్. 2001లో డేవ్ క్యూనింగ్ అనే గిటారిస్టు అక్కడి వారపత్రికలో చిన్న ప్రకటన ఇస్తే, అది చూసి బ్రాండన్ ఫ్లవర్స్ వచ్చాడు. క్యూనింగ్ అప్పటికే కట్టుకున్న గిటార్ ముక్కకు ఫ్లవర్స్ మాటలు రాశాడు. ప్రేమించిన అమ్మాయి మోసం చేసిందన్న కుళ్లు, అనుమానం... పాటంతా అదే. రెండో చరణానికి వేరే మాటలు కూడా లేవు, మొదటిదే మళ్లీ పాడేశాడు. ఈసారి మీవాడు వాయిస్తున్నప్పుడు పక్కన కూర్చుని వినండి, తెలుస్తుంది.

అప్పట్లో ఫ్లవర్స్ ఓ హోటల్లో అతిథుల పెట్టెలు మోసేవాడు. క్యూనింగ్ బట్టల షాపులో పనిచేసేవాడు. తర్వాత చేరిన డ్రమ్మర్ రానీ వనూచీ అక్కడి యూనివర్సిటీలో సంగీతమే చదివాడు, పైగా పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. పాట 2003లో బ్రిటన్‌లో ఓ చిన్న కంపెనీ ద్వారా వస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2004లో 'హాట్ ఫస్' ఆల్బమ్‌తో పాటు మళ్లీ వదిలితే అక్కడ టాప్ టెన్‌లోకి వెళ్లింది, మరుసటి ఏడాది అమెరికాలోనూ పదో స్థానం. ఇప్పటికి బ్రిటన్ టాప్ 100లో 400 వారాలు దాటింది. కానీ ఆ ప్రకటన నుంచి ఈ పేరు వచ్చేదాకా మూడేళ్లు పట్టింది. మీవాడి బీటెక్‌కు మిగిలింది అంతకంటే తక్కువే!

కాబట్టి డిగ్రీ ఆపొద్దు, గిటారూ ఆపొద్దు. బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకుంటే సాయంత్రాలు అతనివే అని ఒప్పందం పెట్టుకోండి. కాలేజీలోనే ఒక డ్రమ్మర్‌ని, ఒక బేస్ వాయించేవాడిని వెతుక్కోమనండి. ఆరు నెలల్లో సొంత పాటలు మూడు కట్టాలి. వేరేవాళ్ల పాట ఎంత బాగా వాయించినా చేయి తిరుగుతుందంతే, బ్యాండుకు పేరొచ్చేది సొంత పాటతోనే. తెలుగులో రాస్తే నాకైతే ఇంకా సంతోషం. ఏ పాటలో ట్యూన్ ఎవరిది, మాటలు ఎవరివి అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. స్నేహంగా ఉన్నప్పుడు ఇది గుర్తుండదు, రాయల్టీ దగ్గరే గొడవలొస్తాయి.

మూడు పాటలూ కాకపోతే? సంగీతం మీద ఇష్టం అబద్ధమని కాదు, బ్యాండు పని అతనికి పడలేదంతే. అప్పుడు సౌండ్ రికార్డింగ్ వైపు చూడొచ్చు. పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఆ పీజీ కోర్సుకు డిగ్రీ కావాలి, బీటెక్ అక్కడా పనికొస్తుంది.

ఇదంతా మీరు చెప్తే వినకపోవచ్చు. పెట్టెలు మోసిన సంగతి ఒక్కటి చెప్పి చూడండి.