కొత్త కాపురంలో భయం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి ఆసాంతం చదివాను. పెళ్ళయి పట్టుమని పది రోజులు కాని జంట, హైదరాబాదులో ఒక ఫ్లాటు, తాళి కట్టినవాడు ఎవరో తనకు అసలు తెలియదని ఆ పిల్లకు మెల్లగా అర్థం కావడం. మంచి కథ పట్టుకున్నావు. మన దగ్గర ఇది కష్టపడి కల్పించాల్సిన పరిస్థితి కూడా కాదు. పెళ్ళిచూపుల్లో ఓ అరగంట, నిశ్చితార్థం అయ్యాక కొన్నాళ్ళ ఫోన్ కబుర్లు, ఆపైన ఇద్దరికీ ఒకే గది. ఎన్నో కాపురాలు ఇలాగే మొదలై చల్లగా సాగుతాయి. ఆ తొలిరోజుల బెరుకు పాఠకుల్లో చాలామందికి స్వయంగా తెలుసు. నీ కథకు అదే పెద్ద బలం.

నువ్వేమో ఆ బెరుకును నమ్మలేదు. మొదటి అధ్యాయం పూర్తికాకముందే తాళం వేసిన గది, అటక మీద రక్తం మరకల చొక్కా, అర్ధరాత్రి బ్లాంక్ కాల్స్ తెచ్చిపెట్టావు. అవన్నీ తీసెయ్. చొక్కా కనపడగానే పాఠకుడు "వీడే హంతకుడు" అనో, "ఇంత బాహాటంగా చూపించారంటే వీడు కాదు" అనో తేల్చేసుకుంటాడు. ఇక టెన్షన్ ఎక్కడిది? ఈ కథలో భయం పుట్టేది కొత్తదనానికీ ప్రమాదానికీ తేడా తెలియకపోవడంలో. అతను అన్నం తింటూ మాట్లాడడు. అది అతని తీరా, కోపమా, ఏదైనా దాస్తున్నాడా? పదేళ్ళు కాపురం చేసిన భార్యకు ఇట్టే తెలిసిపోతుంది. పది రోజుల భార్య ఎవరిని అడిగి తెలుసుకుంటుంది?

కాబట్టి నువ్వు పెట్టే ప్రతి ఆనవాలుకూ రెండు అర్థాలుండాలి, రెండూ సమానంగా నమ్మదగినవై ఉండాలి. ఉదాహరణకు గ్యాస్ సిలిండర్ తీసుకో. తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతాడు. ఆమెకు మెసేజ్ రాదు. భర్తకు ఫోన్ చేస్తే అతనికీ రాలేదంటాడు. కుర్రాడు బిల్లు చూసి ఒక ఆడమనిషి పేరు చదువుతాడు. పాత అద్దెదారు కనెక్షన్ కావచ్చు, మన ఊళ్ళలో మామూలే. కాకపోవచ్చు. లేదా వంటగది చూడు. "ఒక్కణ్ణే ఉండేవాణ్ణి, రెండు పూటలా బయటే తినేవాణ్ణి" అని పెళ్ళిచూపుల్లో చెప్పినవాడి ఇంట్లో అట్లపెనం నూనెకు నల్లగా పదునెక్కి ఉంది. పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు ఎవరి చేతికో అలవాటైన వరుసలో ఉన్నాయి. వాళ్ళమ్మ వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళిందేమో. ఆ పిల్ల ఆ పెనం మీద అట్టు పోస్తూ అత్తగారిని ఎలా అడగాలా అని ఆలోచించే పేజీ రాయి. చొక్కా కంటే అదే ఎక్కువ భయపెడుతుంది.

గృహప్రవేశం సన్నివేశం సరదాగా రాసి వదిలేశావు. ఆడబిడ్డ గుమ్మానికి అడ్డం నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనంటుంది కదా. అక్కడ పెళ్ళికొడుకు భార్య పేరు చెప్పబోయి ఒక్క క్షణం ఆగాలి. అందరూ సిగ్గనుకుని నవ్వాలి, పాఠకుడు కూడా నవ్వాలి. ఆడబిడ్డ ఒక్కతే నవ్వకూడదు. ఆ సంగతి అప్పుడు మాత్రం రాయకు. ఫోటోల ఆల్బమ్ వచ్చాక, పేజీలు తిప్పుతూ మన పిల్లే చూస్తుంది.

ఇంకో మాట. నీ నవలలో పెళ్ళి మే నెలలో జరిగింది, కథ ఆగస్టు దాకా నడిచింది. మరి ఆషాఢం ఏమైంది? నీ కుటుంబాలు అంత సంప్రదాయం పాటించేవైతే కొత్తకోడలు ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి కదా. ఇంత మంచి అవకాశాన్ని ఎలా వదులుకున్నావు? ఆమె ఆ ఇంటి నుంచి బయటపడుతుంది. ఊపిరి పీల్చుకుంటుంది. దూరంగా ఉంది కాబట్టి నిదానంగా వాకబు చేయగలుగుతుంది. సరిగ్గా ఏదో తెలియబోతుండగా శ్రావణం వస్తుంది. అమ్మానాన్నలే సారె సర్ది, చుట్టాలను పిలిచి, బొట్టుపెట్టి, ఆమెను తిరిగి ఆ ఇంటికే పంపిస్తారు. నవలకు నడిమధ్య ఉండాల్సింది అదే.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమని మనవాళ్ళు పుణ్యకార్యంలా చెప్పుకుంటారు. నీ కథ గుట్టంతా అందులోనే ఉంది. సంబంధం కుదిర్చిన పెద్దమనిషికి ఏదో తెలుసు. అత్తగారికి ఇంకాస్త తెలుసు. పిల్ల తండ్రికి కూడా ఒక అనుమానం వచ్చింది, కానీ శుభలేఖలు పంచేశాక అడగలేకపోయాడు. ఇంతమంది తలా కొంచెం మింగేసిన నిజం ఆ పిల్ల నెత్తిన పడుతుంది. విలన్ ఒక్కడే అయితే పట్టుకుని జైల్లో పెట్టొచ్చు. వీళ్ళందరూ ఆమె మేలు కోరినవాళ్ళే, అందుకే ఆమెకు ఎటూ పోలేని పరిస్థితి. "వెళ్ళిపోవచ్చు కదా" అని పాఠకుడు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరకాలి. ఆమె అమ్మకు ఫోన్ చేస్తే "మొదట్లో అందరికీ అలాగే ఉంటుందమ్మా" అని అవతలి నుంచి ప్రేమగా వినిపించాలి. దయచేసి ఆ తల్లిని చెడ్డదాన్ని చేయకు.

భర్తనీ గాలికొదిలేశావు. అతనికీ ఆమె పరాయిదే. తను గది లోకి రాగానే ఆమె ఫోన్ బోర్లా పెడుతుంది. స్నేహితులతో "నా భార్యంటే భయమేస్తోందిరా" అంటే పగలబడి నవ్వుతారు, ఇంకోసారి నోరెత్తలేడు. కనీసం నాలుగు అధ్యాయాలు అతని వైపు నుంచి రాయి. ఒక్క షరతు: ఎవరి మనసులోంచి చెబుతుంటే వాళ్ళకు తెలిసినది పాఠకుడికి దాచకు. దాచి, చివర్లో బయటపెడితే అది మోసం. వాళ్ళకు తెలియనిదే మనకూ తెలియకూడదు.

చట్టం దగ్గర నువ్వు బాగా తడబడ్డావు. నీ నాయిక పెళ్ళయిన మూడో నెలలో విడాకులకు వేస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, అసాధారణమైన కష్టమో, అవతలివారి అసాధారణమైన దుర్మార్గమో ఉందని కోర్టు అనుమతిస్తే తప్ప, పెళ్ళయిన ఏడాది లోపు విడాకులకు వెళ్ళడానికి లేదు. అదే చట్టంలో ఇంకో దారి ఉంది. భర్తకు సంబంధించిన ముఖ్యమైన విషయం దాచి, మోసంతో పెళ్ళికి ఒప్పిస్తే, ఆ పెళ్ళిని రద్దు చేయమని అడగొచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోగా అడగాలి. తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా అతనితో కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అంటే నిజం తెలిసిన రోజు నుంచీ ఆమెకు గడువు మొదలైనట్టే. సాక్ష్యం కోసం ఆ ఇంట్లోనే ఉండాలి, కానీ అలా ఉన్నందుకే రేపు అవతలి లాయరు ఆమెను నిలదీస్తాడు. నీ చివరి వంద పేజీలు నడపడానికి ఇది చాలు, కారు ఛేజింగ్ అక్కర్లేదు.

అలాగే, పక్క ఫ్లాటులో చనిపోయిన కొత్తకోడలి కేసును ఎస్సై ఒక్క సంతకంతో ప్రమాదమని మూసేసినట్టు రాశావు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే పోస్టుమార్టం చేయించాలి, మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. మన దగ్గర మామూలుగా తహసీల్దారు వచ్చి శవపంచనామా చేస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాల్లోనూ ఈ నియమం ఉంది. ఎందుకు పెట్టారో నీకు చెప్పనక్కర్లేదు. నిజంగా కాలిపోయిన, ఉరికి వేలాడిన ఆడపిల్లల వల్ల వచ్చిన నియమం అది. థ్రిల్లర్ రాస్తున్నాం కదా అని ఆ చావును మలుపు కోసం వాడి వదిలేయకు. ఆ పిల్లకు ఒక ఊరు, ఒక ఇష్టమైన కూర, ఆమె ఫోన్ ఎందుకు రాలేదా అని ఎదురుచూసే ఒక చెల్లెలు ఉండాలి.

ముగింపు ఇప్పుడే మార్చకు. ముందు ఆషాఢం అధ్యాయాలు, భర్త అధ్యాయాలు రాసి నాకు పంపు. కోర్టు భాగం మొదలుపెట్టే ముందు ఫ్యామిలీ కోర్టులో వాదించే లాయరమ్మ ఎవరితోనైనా ఓ పూట కూర్చో. ఆమె చెప్పేవి విన్నాక నీకే కొన్ని సన్నివేశాలు కొట్టేయాలనిపిస్తుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు