పాత మానిఫోల్డ్‌కే వెల్డింగ్, క్యాట్‌కాన్ బదులు ఉత్త పైపు: గ్యారేజీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మలక్‌పేటలో ఉంటాను. 2011లో కొన్న పెట్రోలు కారు. పొద్దున స్టార్ట్ చేయగానే టక్‌టక్‌మని చప్పుడొస్తోందని కూకట్‌పల్లిలో ఒక గ్యారేజీకి ఇచ్చాను. మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను పైపులోకి పంపే భాగం) పగిలింది, కొత్తది వేశామని రూ.38,000 ఫోన్‌పేలో తీసుకున్నారు. బిల్లివ్వలేదు. నెల తిరక్కుండానే మళ్లీ అదే చప్పుడు. ఇంకో మెకానిక్ ర్యాంపు ఎక్కించి చూస్తే పాతదానికే వెల్డింగ్ కొట్టారు, క్యాట్‌కాన్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసి ఉత్త పైపు అతికించారు. పొల్యూషన్ టెస్టు ఫెయిలైంది. అడిగితే ‘పాత బండికి అంతే సార్, తీసిన సామాను మాదే’ అంటున్నారు. ఆర్సీ రెన్యువల్ దగ్గర పడింది. ఏం చేయాలి?

జవాబు: ఆ పైపును ఇప్పుడే పీకించకండి. మీ తరఫున గట్టి సాక్షి అదొక్కటే. ఇలాంటి గొడవల్లో నా దగ్గరికి చాలామంది అంతా బాగు చేయించుకున్నాకే వస్తారు. అప్పటికి పగిలిన ముక్క పాత ఇనుములోకి పోయి, చేతిలో కోపం మాత్రం మిగిలి ఉంటుంది.

బండి కింద నుంచి వీడియో తీయండి. నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా వెల్డింగ్ అతుకు, పైపు రెండు చివర్ల దాకా చూపించండి. రెండో మెకానిక్ చూసిందేమిటో సంతకంతో రాయించుకోండి. అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇస్తాడేమో కూడా ఇప్పుడే అడగండి. అక్కడికొచ్చేసరికి ‘ఫీల్డులో నాకు పేరు చెడుతుంది సార్’ అని తప్పుకునేవాళ్లే ఎక్కువ. అందుకే కంపెనీ సర్వీసు సెంటర్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మేలు. మీది పోత ఇనుము మానిఫోల్డ్ అయితే, ముందుగా వేడి చేయకుండా మామూలు రాడ్‌తో కొట్టిన వెల్డింగ్ అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. అదే జరిగిందా అన్నది రిపోర్టులో రాయమనండి.

బిల్లు లేదని బెంగపడొద్దు. బిల్లివ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రం చేసి, ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్‌తో జత చేస్తే సరి.

ఇక చేదు సంగతి. తప్పు గ్యారేజీదే అయినా, రోడ్డు మీద పట్టుబడితే సమాధానం చెప్పాల్సింది మీరు. కాలుష్య పరిమితి మీరిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ నుంచే బీఎస్-4 పొగ ప్రమాణం వచ్చింది కాబట్టి మీ బండికి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం. క్యాట్‌కాన్ లేకుండా ఆ పరిమితి లోపల ఉండటం కష్టం. అవసరాన్ని మించి బండి తీయకండి.

‘కొంచెం ఇస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇప్పిస్తా’ అనేవాడు ఎవడో ఒకడు తగులుతాడు. తీసుకున్నారో, కేసు మీరే చెడగొట్టుకున్నట్టు. బండి బాగానే ఉందని మీ కాగితమే చెబుతోంది కదా అని అవతలి లాయరు చూపిస్తాడు.

తీసిన సామాను వాళ్లదనడం తప్పు. ముందే అలా ఒప్పుకుని ఉంటే తప్ప అది మీ సొత్తే. క్యాట్‌కాన్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, ఊరికే పారేసే వస్తువు కాదు. అప్పగించిన సొత్తును కాజేశారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ స్టేషన్లో ‘ఇది సివిల్ మేటర్’ అనే అవకాశమే ఎక్కువ. నేనైతే ముందు నోటీసు పంపిస్తాను.

నోటీసులో రూ.38,000తో పాటు క్యాట్‌కాన్ లేదా దాని ధర, మళ్లీ చేయించే రిపేరు ఖర్చు అడగండి. పదిహేను రోజుల గడువిచ్చి, ‘ఫలానా తేదీన ఫలానా చోట విప్పిస్తున్నాం, మీ మనిషిని పంపండి’ అని రాయండి. రాకపోతే ‘మాకు చూసే అవకాశమే ఇవ్వలేదు’ అనలేరు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. ఆ తేదీ దాటగానే రిపేరు చేయించుకుంటే ఆర్సీ పని ఆగదు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి తిప్పొద్దంటూ ఢిల్లీలో వినే గొడవ ఇక్కడ లేదు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకు రెన్యువల్ అవుతుంది.

డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కూకట్‌పల్లి వైపు తిరగక్కర్లేదు, సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే హైదరాబాద్ జిల్లాలోనే వేయొచ్చు. మీరిచ్చిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

విప్పిన పైపు, మానిఫోల్డ్ గోనెసంచిలో కట్టి, తేదీ రాసి ఇంట్లో పెట్టుకోండి. పాత ఇనుము కింద ఎవరడిగినా ఇవ్వకండి.