బాబు స్నానం నీళ్లలో రోజూ యాంటీసెప్టిక్ కలపొచ్చా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. బాబుకు రెండేళ్లు. రోగాలు రాకూడదని ఆరు నెలలుగా స్నానం నీళ్లలో యాంటీసెప్టిక్ మందు కలుపుతున్నాం. సబ్బూ యాంటీబ్యాక్టీరియల్‌దే. ఇప్పుడు మోచేతి మడతల్లో ఎర్రగా పొక్కులొచ్చి, రాత్రంతా గోక్కుంటున్నాడు. మానేస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్ సలహా: ఇవాళే మానేయండమ్మా. నీళ్లు పాలలా తెల్లబడేదాకా మందు పోసి పిల్లలకు స్నానం చేయించే ఇళ్లు మన విజయనగరం వైపు చాలానే చూస్తున్నాను. మూతతో కొలిచేవాళ్లు తక్కువ. ఆ మందు క్రిముల్ని చంపుతుంది, నిజమే. కానీ రోజూ తగిలితే చర్మం మీది జిడ్డు పొర కూడా పోతుంది. పొడిబారిన చోట దురద, గోకితే పుండు, ఆ పుండులోంచే ఇన్‌ఫెక్షన్. మీరు దేనికి భయపడి మొదలుపెట్టారో అదే వస్తుంది.

సబ్బు సంగతి. ట్రైక్లోసాన్ అనే క్రిమినాశక రసాయనంతో సహా 19 రసాయనాలను ఇంట్లో వాడే సబ్బుల్లో, హ్యాండ్‌వాష్‌లలో కలపకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే చెప్పింది. మామూలు సబ్బు కంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. పైగా ట్రైక్లోసాన్‌ను తట్టుకోవడం నేర్చుకున్న బ్యాక్టీరియా కొన్ని యాంటీబయాటిక్స్‌కూ లొంగకపోవడం ల్యాబుల్లో కనబడింది. నాకు అసలు దిగులు అదే.

అలాగని క్రిముల్ని చంపే మందులన్నీ చెడ్డవి కావు. 2018 నాటి తిత్లీ లాంటి తుపాను వచ్చి బావుల్లోకి వరద నీరు చేరితే బ్లీచింగ్ వేయాల్సిందే, లేకపోతే విరేచనాలు ఊరంతా పాకుతాయి. ఆపరేషన్ థియేటర్‌లో ఇవి లేకుండా కత్తి పట్టలేం.

అడగకపోయినా ఒకటి చెబుతాను. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి. తెల్లగా వస్తుందని రెండూ ఒకేసారి పోసిన ఒకావిడ దగ్గుతూ, కళ్లలో నీళ్లు కారుతూ మా దగ్గరికొచ్చారు. అక్కడ పుట్టేది క్లోరిన్ గ్యాస్. పొరపాటున కలిస్తే ముందు పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి.

బాబుకు గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు చాలు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. గోళ్లు కత్తిరించండి. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చి రాయొద్దు, వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో తగ్గకపోయినా, రసి కారినా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించండి.