గ్రేడ్ 3 అంటే మూడో స్టేజ్ కాదు.. సైకియాట్రిస్ట్‌కి చూపించమంటే పిచ్చి అని కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మ వయసు 52. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే బయాప్సీ చేయించాం. రిపోర్టులో ‘ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 3, ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+’ అని వచ్చింది. గడ్డ 2.6 సెంటీమీటర్లు ఉందని, చంకలో ఒక లింఫు గ్రంథి అనుమానంగా ఉందని, మిగతా ఎక్కడా ఏమీ లేదని స్కానింగ్‌లో రాశారు. గ్రేడ్ 3 అంటే మూడో స్టేజ్, ఇక లాభం లేదని మా బావగారు అంటున్నారు. అమ్మకి క్యాన్సర్ అని చెప్పలేదు, గడ్డ తీసేస్తారని మాత్రమే చెప్పాం. మూడు వారాలుగా సరిగా నిద్రపోవట్లేదు, తినట్లేదు, ‘నా మీద డబ్బులు తగలేయకండి’ అంటోంది. ఇప్పుడు క్యాన్సర్ డాక్టరు చీటీ మీద ‘ఎఫ్ 43.2, అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్’ అని రాసి సైకియాట్రిస్ట్‌కి చూపించమన్నారు. ‘ఎర్రగడ్డకి పంపిస్తారా ఏంటి’ అని మా అన్నయ్య గొడవ. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ బావగారి మాట సంగతి చూద్దాం, ఇంటిల్లిపాదీ హడలిపోతున్నది దానికే కాబట్టి. ఆయన పొరబడ్డారు. ఆయనొక్కరే కాదు, నా దగ్గరికి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది ఇదే లెక్క వేసుకుని, దారంతా ఏడ్చి వస్తారు.

గ్రేడ్ ఇచ్చేది పాథాలజిస్ట్, మైక్రోస్కోప్ కింద ఆ ముక్కని చూసి. కణాలు ఇంకా గొట్టాల్లాగా అమరి ఉన్నాయా, వాటి కేంద్రకాలు ఎంత అడ్డదిడ్డంగా మారాయి, ఎన్ని కణాలు విభజన మధ్యలో దొరికాయి అని మూడు చూసి ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. అంటే చురుగ్గా పెరిగే రకం అని, అంతే. అది ఎక్కడిదాకా పాకిందో గ్రేడ్ చెప్పదు. అది చెప్పేది స్టేజ్. ఒక సెంటీమీటరు గడ్డ ఎక్కడికీ కదలకుండా ఉండి గ్రేడ్ 3 అని రావచ్చు, అది మొదటి స్టేజే. గ్రేడ్ 1 అని ఉండి ఎముకలకు పాకితే అది నాలుగో స్టేజ్. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గడ్డ 2 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంది కాబట్టి టీ2, దూరంగా ఎక్కడా లేదు కాబట్టి ఎం0. చంకలో గ్రంథికి సూది పరీక్ష చేసి అందులో క్యాన్సర్ కణాలు ఉన్నాయంటే 2బి, లేవంటే 2ఎ. (గ్రేడ్‌నీ హార్మోన్ రిపోర్టునీ కూడా కలిపి లెక్కేసే పద్ధతి ఇంకొకటుంది, అందులో ఈ అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది.) ఎలా చూసినా ఇది నయం చేయాలనే ఉద్దేశంతో వైద్యం చేసే దశ. ‘లాభం లేదు’ అనే మాట ఇక్కడ ఎవరూ అనకూడదు, అన్న బావగారికి ఈ పేజీ చూపించండి.

‘ఇన్వేసివ్’ అని చూసి కూడా భయపడి ఉంటారు. పాలనాళం గోడ దాటి రొమ్ములోనే పక్కనున్న కణజాలంలోకి వచ్చిందని దాని అర్థం, ఒళ్లంతా పాకిందని కాదు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అని (అంటే ఈ క్యాన్సర్ కణాలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే గుణం ఉందని) రావడం ఒక రకంగా మంచి కబురే, ఎందుకంటే కీమో, ఆపరేషన్ లాంటివి అయ్యాక ఏళ్ల తరబడి రోజూ వేసుకునే హార్మోన్ మాత్రలు మీ అమ్మగారికి పనికొస్తాయి. ఏ మాత్ర అనేది ఆవిడకి నెలసరి ఆగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ వివరం డాక్టరుకి సరిగ్గా చెప్పండి.

మీ రిపోర్టులో నాకు అసలు పట్టింపు ఉన్నది హెర్2 2+ దగ్గర. హెర్2 అంటే కణాలను పెరగమని తోసే ఒక ప్రొటీన్, అది ఎంత ఉందో ఈ అంకె చెబుతుంది. 0, 1+ అయితే నెగిటివ్ కింద లెక్క, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ఇటూ కాదు అటూ కాదు, తేల్చుకోవాలంటే హెర్2 జీన్‌ని లెక్కపెట్టే ఫిష్ అనే పరీక్ష చేయాలి. అది చేయించారో లేదో మీరు రాయలేదు. ఇది వదిలేయకండి. పాజిటివ్ అని తేలితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ జత చేస్తారు, అది ఫలితాన్ని బాగా మార్చే మందు, చాలాసార్లు ఆపరేషన్‌కి ముందే కీమోతో కలిపి మొదలుపెడతారు. దీనికోసం మళ్లీ సూది గుచ్చక్కర్లేదు, బయాప్సీ ముక్కని చిన్న మైనం దిమ్మలో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. ఆ బ్లాక్, స్లయిడ్లు అడిగి తీసుకోండి. వేరే ఆస్పత్రిలో రెండో అభిప్రాయం తీసుకున్నా ముందు వాళ్లు అడిగేది అవే, కాగితం రిపోర్టు ఒక్కటీ చాలదు.

ఇక ఎఫ్ 43.2. అది అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో ఒక నంబరు, రొమ్ము క్యాన్సర్‌కి సి50 అని ఉన్నట్టే. జీవితంలో పెద్ద దెబ్బ తగిలాక, మామూలుగా నెల లోపల, మనిషి నిద్ర, తిండి, మాట తీరు దెబ్బతిని రోజువారీ పనులు సాగకపోతే ఆ పేరు రాస్తారు. మీ అన్నయ్య భయపడే రకం జబ్బు కాదిది. డిప్రెషన్ దీనికంటే బరువైనది: రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం దిగులు, దేని మీదా మనసు లేకపోవడం, మనవరాలు వీడియో కాల్ చేసినా ముఖం తిప్పుకోవడం, ‘నేను పనికిమాలినదాన్ని’ అనుకోవడం. క్యాన్సర్ వాళ్లలో చిక్కేంటంటే నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం జబ్బు వల్లా వస్తాయి, మందుల వల్లా వస్తాయి, మనసు వల్లా వస్తాయి. రక్తం తక్కువైనా, థైరాయిడ్, బి12 తేడాగా ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. కీమో మొదలయ్యాక వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథజోన్ కూడా ఆ రెండు మూడు రాత్రులు కళ్లు మూతపడనివ్వదు. వీటిలో ఏది ఎంత అనేది విడదీసి చూడాలనే మీ డాక్టరు సైకియాట్రిస్ట్‌కి రాశారు. మంచి డాక్టరే దొరికారు మీకు, చాలామంది ‘టెన్షన్ పడకమ్మా’ అని పంపించేస్తారు.

మందు రాస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మీ అమ్మగారికి ముందుముందు హార్మోన్ మాత్రల్లో ఒకటైన టామాక్సిఫెన్ ఇస్తే, డిప్రెషన్ మాత్రల్లో పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ దానితో కలిపి వాడకపోవడం మంచిది, టామాక్సిఫెన్ లివర్‌లో అసలు పనిచేసే రూపంలోకి మారడాన్ని ఇవి అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ లాంటి వేరే మందులు ఉన్నాయి, చింత లేదు. అయితే క్యాన్సర్ చీటీ సైకియాట్రిస్ట్‌కీ, సైకియాట్రిస్ట్ చీటీ క్యాన్సర్ డాక్టరుకీ ప్రతిసారీ చూపించాలి. ఇంట్లో దాచిపెట్టి వాడే పని పెట్టుకోకండి. పేరు బయటికి పొక్కుతుందన్న భయమా? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి, బీమా కంపెనీలు కూడా మానసిక జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలి.

‘నా మీద డబ్బులు తగలేయకండి’ అన్న మాట నన్ను కాస్త ఆపింది. ఖర్చు గురించిన బాధ మాత్రమే కావచ్చు, దానికైతే ఆరోగ్యశ్రీలో మీకేం వర్తిస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి ఆ కబురు ఆవిడకే నేరుగా చెప్పండి. కానీ ‘నేను పోతే మీకు బరువు తగ్గుతుంది’ లాంటి మాటలు వస్తుంటే, ‘అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు సైకియాట్రిస్ట్‌కి చూపించండి, పురుగుల మందు, మిగిలిన నిద్రమాత్రలు ఇంట్లోంచి తీసేయండి. రాత్రిపూట అయితే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నన్నడిగితే మిగతా అన్నిటికంటే అదే ముందు. ఆవిడకి చెప్పండి. బోర్డు మీద క్యాన్సర్ అని రాసున్న ఆస్పత్రికి తీసుకెళ్లి, వరండాలో జుట్టు రాలినవాళ్ల పక్కన గంటలు గంటలు కూర్చోబెట్టి, గడ్డ అని చెబితే 52 ఏళ్ల మనిషి నమ్ముతుందా? రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి మీరు వంటింట్లో గుసగుసలాడటం, తను రాగానే మాట మార్చడం ఆవిడ చూస్తూనే ఉంది. నిద్ర పట్టకపోవడంలో దాని వాటా ఎంతో నేను చెప్పలేను గానీ, తెలిశాక కుదుటపడి ‘సరే, ఎప్పుడు మొదలుపెడతారు’ అన్న తల్లులను చాలామందిని చూశాను. పైగా ఆపరేషన్‌కీ కీమోకీ ఒప్పుకుని సంతకం పెట్టాల్సింది ఆవిడే. ఒక్కసారిగా రిపోర్టంతా చదివి వినిపించకండి. ‘డాక్టర్లు ఏమన్నారో నీకు తెలుసుకోవాలనుందా అమ్మా?’ అని మొదలుపెట్టండి, వద్దంటే బలవంతం చేయొద్దు, అదీ ఆవిడ హక్కే. అడిగితే దాచొద్దు. మీవల్ల కాకపోతే క్యాన్సర్ డాక్టరునే చెప్పమనండి, పక్కన మీరుండండి, మీ బావగారు మాత్రం ఆ రోజుకి ఇంటి దగ్గరే ఉంటే మంచిది.

వచ్చేసారి వెళ్లినప్పుడు ఫిష్‌కి పంపారా, చంకలో గ్రంథికి సూది పరీక్ష ఎప్పుడు, కీమో ముందా ఆపరేషన్ ముందా అని అడిగి రాసుకోండి. ఫిష్ ఫలితం వచ్చాక మళ్లీ రాయండి, ట్రీట్‌మెంట్ వరస గురించి అప్పుడు మాట్లాడదాం.