నాలుగింటికి లేచే అత్తగారు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 28 ఏళ్లు, ఎమ్మెస్సీ చదివాను. పది నెలల బాబు నా పాలే తాగుతున్నాడు. మా అత్తవారి సంఘంలో ఆదివారం ఆరాధన తప్ప ప్రార్థన, ధ్యానం, ఉపవాసం ఎలా చేయాలో ఎవరూ నేర్పరు. అందుకని ఆరు నెలల కిందట ఫోనులో జరిగే ఒక ప్రార్థన బృందంలో చేరాను. దాన్ని నడిపే అన్న నా ఆత్మీయ ఎదుగుదల తన బాధ్యత అన్నారు. రోజూ రాత్రి పదిన్నరకు ఫోను చేసి, ఆ రోజు నాకు కలిగిన తలంపులన్నీ చెప్పమంటారు. ఇవేవీ భర్తకు చెప్పవద్దన్నారు. ఇప్పుడు 21 రోజుల ఉపవాసం పెట్టారు, సాయంత్రం దాకా నీళ్లే. పాలు తగ్గాయి. నా ఉంగరం కానుకగా ఇచ్చేశాను. రోజూ రైలులో విశాఖ వెళ్లివచ్చే మా ఆయన ‘నీ భక్తి చూస్తే భయమేస్తోంది’ అంటున్నారు. అత్తగారు మాటలు తగ్గించారు. ఆవిడ కూడా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏవో పాత కీర్తనలు పాడుకుంటారు గానీ, చదువు రాదు, ఈ లోతులు తెలియవు. అన్న మాట కాదంటే దేవునికి దూరమవుతానేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు లేచి అన్నం తినండి. మిగతాది తిన్నాక చదవండి.

రేపు బాబును పిల్లల డాక్టరుకు చూపించి బరువు తూయించండి. పాలు తగ్గిన సంగతి, ఉపవాసం సంగతి రెండూ దాచకుండా చెప్పండి. ఉపవాసం మధ్యలో మానితే దేవుడు కోపగిస్తాడని ఎవరైనా అంటే బైబిలులో యెషయా 58వ అధ్యాయం తెరవండి. తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో దేవుడే చెప్పిన చోటు అది. ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడం, సొంత రక్తసంబంధికి ముఖం తప్పించకపోవడం అందులో ఉన్నాయి. మీ ఇంట్లో ఆకలిగొన్నవాడికి పది నెలలు. ఉపవాసం చేయాలన్న కోరిక అంత బలంగా ఉంటే రాత్రి తొమ్మిది దాటాక ఫోనుకు ఉపవాసం పెట్టండి. మీకిప్పుడు అన్నం మానడం కంటే అదే కష్టమనిపిస్తోంది నాకు.

నేర్పేవారు కావాలనుకోవడం తప్పు కాదమ్మా. పుస్తకం చదివి ప్రార్థన నేర్చుకున్నవారిని నేను పెద్దగా చూడలేదు. లూకా 11వ అధ్యాయంలో యేసు ఒకచోట ప్రార్థన చేసి ముగించాక, శిష్యుల్లో ఒకడు తమకూ ప్రార్థన నేర్పమని అడిగాడు. ముందు చూశాడు, తరువాత అడిగాడు. మన పొందూరులో సన్న ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లను చూశారా? వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఎంత ఒత్తిడితో దువ్వాలో మాటల్లో చెప్పమంటే నవ్వుతారు. అమ్మ పక్కనో అమ్మమ్మ పక్కనో కూర్చుని చేతికి తెచ్చుకున్న విద్య అది. ప్రార్థన కూడా దాదాపు అలాంటిదే. రాత్రి పదిన్నర ఫోనులో మీరు ఆ అన్న ప్రార్థనను చూడడం లేదు. ఆయన మీ మనసును చూస్తున్నారు. ఈ తేడా గమనించారా?

మొదటి సమూయేలు మూడో అధ్యాయం నాకు చాలా ఇష్టం. పిల్లవాడు సమూయేలు ఎవరో పిలిచారని మూడుసార్లు లేచి తనను పెంచుతున్న యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ చూపు మందగించిన ముసలివాడు, కొడుకులను అదుపు చేయలేకపోయినవాడు. ఎవరైనా చూసి ఆదర్శ గురువనే మనిషి కాదు. అయినా పిలిచేది దేవుడని మూడోసారికి గ్రహించాడు. గ్రహించి ఏం చేశాడు? పిల్లవాడి పక్కన కూర్చుని ఆ మాటలు తాను వినలేదు. వెళ్లి పడుకో, మళ్లీ పిలుపు వస్తే ఇలా జవాబు చెప్పు అని నేర్పి పంపేశాడు. తెల్లవారాక దేవుడేమన్నాడో దాచకుండా చెప్పమని గట్టిగానే అడిగాడు, నిజమే. కానీ ఆ రాత్రి వారిద్దరి మధ్య తాను నిలబడలేదు. మీ అన్న మాత్రం మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైగా భర్తకు చెప్పవద్దంటున్నారు! దంపతులు ప్రార్థన కోసం కొంతకాలం ఎడంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే ఉండాలని పౌలు కొరింథీయులకు రాశాడు. భార్యాభర్తల మధ్య రహస్యం పెట్టి సాగే ఆత్మీయ శిక్షణ ఏదైనా నాకు అనుమానమే. రాత్రివేళ పరాయి స్త్రీ తలంపులన్నీ వినాలనుకునే మగవాడి గురించి ఇంతకంటే మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

ఆయనకు పగటిపూట ఒక సందేశం పంపండి. ఇకపై ఫోనులో మాట్లాడనని రెండు వాక్యాల్లో రాయండి, కారణాలు వద్దు. శపిస్తానన్నా, వాగ్దానాలు పోతాయన్నా, మీరు చెప్పుకున్న మాటలు బయటపెడతానని బెదిరించినా ఆ సందేశాలు చెరపకుండా మీ ఆయనకు చూపించండి. అసలు మీ ఆయనకు అన్నీ ముందే చెప్పండి, ఉంగరంతో సహా. ఉంగరం పోయిందని కోప్పడతారేమో, పడనివ్వండి. భయమేస్తోందన్న మనిషి మీకు దూరంగా వెళ్లలేదు, తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఇక మీ ఉత్తరంలో మీరు విసిరేసినట్టు రాసిన వాక్యం ఒకటుంది. నాలుగింటికి లేస్తారు గానీ లోతులు తెలియవట! ఎన్నేళ్లుగా లేస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? చదువు రాని మనిషికి ఆ కీర్తనలు చరణాలతో సహా ఎలా వచ్చాయో ఆలోచించారా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి రాసినవి చాలా ఉన్నాయి. ఆయన మనకు పొరుగువాడే. 1803లో పర్లాకిమిడి వైపు పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించాడు. చదువు రాని మన తాతమ్మలు అలాంటి పాటల్లోనే పాపక్షమ గురించి, సిలువ గురించి నేర్చుకుని చీకట్లో వల్లించుకున్నారు. మీరు ధ్యానం అనే పేరుతో వెతుకుతున్నది మీ వంటింటి పక్క గదిలో రోజూ జరుగుతోంది.

నాకు ప్రార్థన నేర్పింది విజయనగరంలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ. బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్లకు బైబిలు చెప్పే పనిలో, పల్లెలు తిరిగి కాళ్లు అరిగిన మనిషి. కోపిష్టి. వారానికొక వచనం చెప్పి, అంట్లు తోముతూ అనుకోమనేది. శనివారం వెళితే ‘ఏం అర్థమైంది?’ అని అడిగేది కాదు, ‘ఈ వారం ఎవరి మీద విసుక్కున్నావు?’ అనేది. రెండేళ్ల తరువాత ‘ఇక నా దగ్గరికి ఎందుకు, ఇంట్లో పని లేదా?’ అని తరిమేసింది. అప్పుడు ఏడ్చాను. బైబిలులో పౌలు తీతుకు రాసిన ఉత్తరంలో వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు నేర్పాలన్న మాట చదివినప్పుడల్లా ఆవిడ గొంతే వినిపిస్తుంది.

మీ అత్తగారు కూడా నోరు మంచిదని నేను హామీ ఇవ్వలేను. చదువుకున్న కోడలని దెప్పుతారేమో కూడా. మీకు నేర్పడం తన వల్ల కాదని అంటారు, దాదాపు ఖాయంగా. అందుకే నేర్పమని అడగవద్దు. బాబు రాత్రి నిద్రపోనివ్వని రోజుల్లో పడుకోండి, అదేమీ పాపం కాదు. మెలకువ వచ్చిన రోజున లేచి వెళ్లి ఆవిడ పక్కన చాప మీద కూర్చోండి. మొదటివారం వినడమే. సంఘంలో ఏమీ నేర్పరన్నారు కదా, పాస్టరమ్మగారిని కూడా ఒకసారి అడిగి చూడండి. అడగనిదే ఎవరికి తెలుస్తుంది?

రెండో వారం పెద్దక్షరాల బైబిలు ఒకటి పట్టుకెళ్లండి. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా ఉన్నాయి. రోజుకొక భాగం మెల్లగా చదివి వినిపించండి. ఆవిడ మధ్యలో ఆపి మళ్లీ చదవమంటే, ఆ వచనం దగ్గర ఆగండి. వివరించబోకండి. బాబు లేచి ఏడిస్తే ఒళ్లో వేసుకుని పాలిస్తూ చదవండి, ఆవిడేమీ అనుకోరు.