మే నెలలో చూసిన బెంగళూరు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 63 ఏళ్లు, మావారికి 67. లెక్కల టీచరుగా చేసి విరమించాను. ఆయన కూడా ఉద్యోగం నుంచి విరమించి ఏడేళ్లయింది. మావారికి 12 ఏళ్లుగా ఆస్తమా, కొద్దిగా బీపీ ఉన్నాయి. మా పడకగది మిద్దె మీద పడమటి వైపున ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే అర్ధరాత్రి దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. నిరుడు మే నెలలో బెంగళూరులో మా అబ్బాయి దగ్గర మూడు వారాలు ఉన్నాము. ఒక్క రోజు కూడా ఏసీ అవసరం పడలేదు. ఇక్కడ వారానికి మూడు నాలుగుసార్లు ఆయాసానికి పఫ్ పీల్చే మావారు అక్కడ మొత్తం మీద రెండుసార్లే పీల్చారు. మా కోడలు రెండు పూటలా ఆయన మందులు దగ్గరుండి ఇచ్చేది, నాకు వంట పని కూడా లేకుండా చూసుకుంది. తిరిగి వచ్చినప్పటి నుంచి ఆయనది ఒకటే మాట: ఈ ఇల్లు అమ్మేసి అక్కడే ఒక ఫ్లాటు కొనుక్కుందామని. అబ్బాయి సరేనంటున్నాడు. నాకే మనసు ఒప్పుకోవడం లేదు. మా చెల్లెలు రెండు వీధుల అవతలే ఉంటుంది. నెలకొకసారి నేనూ మావారూ కొండకు వెళ్లి వస్తాము. వాతావరణం ఒక్కటి చూసుకుని ఊరు మారవచ్చునా? ఆయన ఆయాసం అక్కడ నిజంగానే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, మీవారు బెంగళూరులో సుఖపడ్డారన్నది భ్రమ కాదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్క వేస్తే, ఒక్క ఎత్తు కారణంగానే రెండు ఊళ్ల మధ్య ఐదు డిగ్రీల తేడా వస్తుంది. లెక్కల టీచరుగారికి ఇది నేను చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే రోజుల్లో ఆ ఐదు డిగ్రీలే నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా. కాకపోతే చల్లని ఊరన్న పేరును కూడా కొంత తగ్గించి చూడాలి. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో 39.2 డిగ్రీల ఎండ నమోదైంది.

అయితే మీరు చూసింది బెంగళూరును కాదు, మే నెలలో బెంగళూరును. మన దగ్గర ఎండలు పతాక స్థాయిలో ఉన్నప్పుడు అక్కడ సాయంత్రాలు ఉరుములతో వాన మొదలై, ఏప్రిల్ వేడి దిగిపోతూ ఉంటుంది. తిరుపతి నుంచి వెళ్లినవారికి ఆ మూడు వారాలు స్వర్గంలా తోచడంలో ఆశ్చర్యం లేదు. పెళ్లిచూపుల రోజున చూసిన ముఖాన్ని బట్టి సంసారాన్ని అంచనా వేయలేము. ఆస్తమా ఉన్న మనిషికి అక్కడ పరీక్ష వేరే నెలల్లో ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా తరచుగా ముసురు, సెప్టెంబరులో అన్నిటికంటే ఎక్కువ వాన, గాలి ఆడని ఫ్లాట్ల గోడలకు చెమ్మ, ఆ చెమ్మకు పట్టే బూజు. ఆ తరువాత డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 15 డిగ్రీలకు అటూఇటూ దిగే చలి. చల్లని గాలి హఠాత్తుగా తగిలితే ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి కనుక బీపీ కూడా చలికాలంలో కొంత పెరుగుతుంది; వేసవిలో సరిపోయిన మోతాదు జనవరిలో చాలకపోవచ్చు. పైగా బెంగళూరు ఖాళీ స్థలాల్లో విరివిగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి, రోడ్ల దుమ్ము, వాహనాల పొగ ఉండనే ఉన్నాయి. ఆ నగరంలో ఆసుపత్రికి వచ్చిన పిల్లలను ఇరవై ఏళ్లపాటు గమనించిన వైద్యులు, 1979లో వారిలో 9 శాతానికి ఉన్న ఆస్తమా 1999 నాటికి 29.5 శాతానికి పెరిగిందని తేల్చారు. అది పిల్లల లెక్క, మీవారికి నేరుగా వర్తించదు. కానీ చల్లగా ఉన్న ఊరు ఊపిరితిత్తులకు మేలు చేసే ఊరే అయి తీరాలన్న నియమం లేదని మాత్రం ఆ లెక్క చెబుతుంది.

దీనిని పరీక్షించడానికి మీరు బెంగళూరు దాకా పోనక్కరలేదు. తిరుమల కొండ మీద ఎత్తు సుమారు 850 మీటర్లు, అంటే బెంగళూరుకు దాదాపు సమానం. నెలకొకసారి కొండకు పోతామని రాశారు కదా. ధనుర్మాసంలో తెల్లవారుజామున, మంచు కురుస్తుండగా మాడవీధుల్లో నడిచినప్పుడు మీవారి ఊపిరి ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. అడవి నడుమ ఉన్న కొండకూ పొగ నిండిన నగరానికీ గాలిలో పోలిక లేదు. చలి, తేమ మటుకు మీకు తెలిసినవే. అక్కడ ఆయన తేలికగా ఉంటే అది ఒక మంచి సూచన. శాలువా కప్పుకుని కూడా దగ్గుతూ దిగివస్తున్నట్లయితే, ఇల్లు అమ్మే మాట ఎత్తకముందే ఆ సంగతి ఆయనతో మాట్లాడాలి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం మీరు ప్రశంసగా రాసి దాటిపోయినది: కోడలు రెండు పూటలా మందులు దగ్గరుండి ఇచ్చేదని. ఆస్తమాకు సాధారణంగా రెండు రకాల ఇన్‌హేలర్లు ఇస్తారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చేది. రెండోది ఆయాసం ఉన్నా లేకున్నా రోజూ పీల్చవలసినది, శ్వాసనాళాల వాపును నెమ్మదిగా తగ్గించేది. ఈ రెండో దానిని చాలామంది పెద్దలు “ఈరోజు బాగానే ఉంది కదా” అని మానేస్తారు, ఆ తరువాత మొదటి దాని మీద ఆధారపడతారు. ఇంట్లో వారానికి మూడు నాలుగుసార్లు ఉపశమనపు పఫ్ అవసరమవుతోందంటేనే ఆస్తమా అదుపులో లేదని అర్థం. మూడు వారాలు క్రమం తప్పకుండా రోజువారీ మందు పడితే ఆ అవసరం తగ్గడం సహజం. అందువల్ల మేలు చేసింది బెంగళూరు గాలి కాదు, కోడలి చెయ్యి అయి ఉండే అవకాశం చాలా ఉంది. అదే నిజమైతే, వేరుగా ఫ్లాటు కొనుక్కున్నాక ఆ చెయ్యి ప్రతి పూటా మీ ఇంటికి రాదు.

ఇటువంటి పొరపాటు మన ప్రాంతానికి కొత్తది కాదు. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున, పొడి గాలితో ఉంటుందన్న కారణంతోనే 1910ల్లో ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రి వెలసింది. మందు లేని ఆ కాలంలో “గాలి మార్పు” ఒక చికిత్స. దూర ప్రాంతాల నుంచి రోగులు వచ్చి నెలల తరబడి అక్కడ ఉండేవారు. తరువాత మందులు వచ్చాయి. మద్రాసులో రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతితో ఉంచి, రెండో జట్టును నగరంలోని వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఆ ఫలితాలలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. క్షయ వేరు, ఆస్తమా వేరు. ఆస్తమాలో గాలికి పాత్ర ఉంది. అయినా గాలి మారినప్పుడు దానితోపాటు ఇంకేమేమి మారాయో చూడకుండా మంచి అంతా గాలి ఖాతాలో రాయకూడదని ఆ ఉదాహరణ చెప్పాను.

కనుక మొదటి పని తిరుపతిలోనే జరగాలి. ఊపిరితిత్తుల వైద్యులకు చూపించి, పీల్చే పద్ధతి సరిగా ఉందో లేదో వారి ఎదుటే పీల్చి చూపించమనండి. తప్పుగా పీల్చేవారు మీరనుకున్న దానికంటే చాలా ఎక్కువమంది ఉంటారు. మూడు నెలలు రోజువారీ మందు తప్పకుండా వేయించి, ఉపశమనపు పఫ్ ఎన్నిసార్లు పీల్చారో క్యాలెండరులో గీతలు పెట్టండి. రెండో పని మీ పడకగది. రోజంతా ఎండ మింగిన కప్పు కింద, పడమటి గోడ పక్కన పడుకునేవారికి తిరుపతి ఎంత వేడి ఊరో అంతకంటే వేడిగా తోస్తుంది. వేసవికి ముందు మిద్దె మీద తెల్లగా సున్నం గాని, వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు గాని వేయించడం, పడమటి గోడకు నీడ కట్టించడం, ఎండాకాలం మూడు నెలలూ కింది గదిలోకి పడక మార్చడం: ఇవి ఫ్లాటు ఖర్చులో లెక్కకు రానివి. ముప్పై ఏళ్లుగా మిద్దె మీదే పడుకుంటున్నామని మీవారు అనవచ్చు. ముప్పై ఏళ్ల కిందట ఆయనకు ఆస్తమా లేదు.

నీటి సంగతి మీ అబ్బాయి చెప్పి ఉండడు. ఏ ఎత్తు బెంగళూరుకు చల్లదనం ఇచ్చిందో ఆ ఎత్తే దానికి నీటి కొరత కూడా తెచ్చిపెట్టింది. కావేరి నీటిని దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు ఐదు వందల మీటర్లు పైకి పంపులతో తోడి తెచ్చుకోవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి అనేక అపార్టుమెంట్లు ట్యాంకర్ల మీద బతికాయి. మీరు ఫ్లాటు చూడబోయినప్పుడు బాల్కనీ నుంచి కనిపించే దృశ్యం గురించి కాక, కావేరి కనెక్షను ఉన్నదా, నిరుడు ఏప్రిల్‌లో ట్యాంకర్లకు ఒక్కో ఇంటికి ఎంత పడింది, గోడలకు చెమ్మ మరకలు ఉన్నాయా అని అడగండి. వాన నీళ్లు నిలిచే చోటా కాదా అన్నది కూడా తెలుసుకోండి. 2021 నవంబరు వరదను తిరుపతిలో చూసినవారికి ఈ ప్రశ్న గుర్తు చేయనక్కరలేదు.

ఇక నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను. ఇల్లు ఇప్పుడు అమ్మవద్దు. ఈ ఏడాది ఆగస్టు నుంచి జనవరి వరకు, అబ్బాయి ఇంట్లో కాకుండా అతని ఇంటికి దగ్గరలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండండి. వంట మీరే చేసుకోండి, మందులు మీరే వేసుకోండి. ఆ ఆరు నెలల్లో వాన, చలి, పండుగలు, చెల్లెలు లేని సాయంత్రాలు అన్నీ వస్తాయి. అక్కడి ఆసుపత్రుల్లో మీ ఆరోగ్య బీమా చెల్లుతుందో లేదో కూడా ఆ లోపల తేలుతుంది. ఆ కాలం మీవారికి సాఫీగా గడిచి, మీకు కూడా దిగులు లేకపోతే అప్పుడు అమ్మకం మాట ఆలోచించవచ్చు. నాకు తోస్తున్నదేమిటంటే, మీ ఇద్దరికీ కుదిరే ఏర్పాటు మూడోది కావచ్చు: ఏటా ఏప్రిల్ మొదట్లో బెంగళూరుకు వెళ్లి జూన్‌లో తిరిగి రావడం. ఐదారు గంటల బస్సు ప్రయాణమే కదా. మన పెద్దలు వేసవి సెలవులకు బంధువుల ఊరు వెళ్లినట్లే ఇదీ. మీ మనసు ఒప్పుకోవడం లేదన్న మాటను ఉత్తరం చివర, క్షమాపణ చెబుతున్నట్లుగా రాశారు. అది కూడా ఆయన ఆయాసంతో సమానంగా లెక్కలోకి రావలసిన విషయమేనని మీవారికి ఈ పేజీ చూపించి చెప్పండి.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. నవంబరులో చేరమంటున్నారు, ఫిబ్రవరి దాకా గడువు కూడా ఇస్తామన్నారు. నాన్నగారు లేరు. అమ్మను వెంట తీసుకెళ్లాలని ఉంది, కానీ ఆమెకు రెండెకరాల తోతాపురి మామిడి తోట ఉంది, చలి అంటే భయం. ఏమి చేయమంటారు?
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

సమాధానం: గడువు ఇస్తున్నారు కనుక ఫిబ్రవరిలోనే చేరండి. నవంబరు ఢిల్లీలో గాలి అతి చెడ్డగా ఉండే నెల. పంట మోళ్లు కాల్చిన పొగ, వాహనాల పొగ, కదలని చల్లగాలి కలిసి నగరం మీద కూర్చుంటాయి. కొత్త ఊరిని ఆ నెలలో మొదలుపెట్టడం ఎవరికీ మంచిది కాదు.

వేడికి మన ఒళ్లు పది, పద్నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. చెమట త్వరగా పట్టడం, ఆ చెమటలో ఉప్పు తగ్గడం వంటి మార్పులు వస్తాయి. చలికి అంతగా అలవాటు పడదు, చలిని బట్టలతోనూ ఇంటితోనూ ఆపుకోవాలి. ఢిల్లీ ఇళ్లు మన ఇళ్ల వంటివే, గోడలు చలిని ఆపవు. మందమైన రజాయి, ఎండ పడే గది, నీళ్లు కాచే గీజరు ఉంటే జనవరి గడుస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నటికీ పెట్టవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

మే, జూన్ నెలల్లో ఢిల్లీ 45 డిగ్రీలను తాకుతుంది. మన చిత్తూరు దాని ముందు మెత్తని ఊరు. అందుకని అమ్మగారిని మొదటి ఏడాది కాపురానికి తీసుకుపోవద్దు. మీరు ఇల్లు కుదుర్చుకున్నాక మార్చి మొదటి వారంలో పిలిపించుకుని, ఏప్రిల్ నడుమ తిరుగు రైలు ఎక్కించండి. తోటలో కాయ కోతకు వచ్చేలోగా ఆమె ఇంట్లో ఉంటారు.