వీడియోలో కత్తిరించేసే ఆ పదిహేను నిమిషాలు

ఉద్యోగరీత్యా హైదరాబాదుకు వచ్చి నిజాంపేటలో ఉంటున్నానని, ఆదివారం ఉదయం పెద్ద సంఘాల ఆరాధనలను ఫోనులోనే చూస్తున్నానని, వాక్యం చక్కగా అందుతున్నప్పుడు ఇంటి దగ్గరి చిన్న సంఘానికి వెళ్లడం నిజంగా అవసరమా అని మీరు అడిగారు. వెళ్లాలి అన్నదే నా జవాబు. అయితే ఇప్పటికే జవాబిచ్చినవారు చూపిన కారణం నాది కాదు. వారిలో సగం మంది సమాజంగా కూడుకోవడం మానవద్దని చెప్పే హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 25వ వచనాన్ని మీ ముందు పెట్టి ఊరుకున్నారు. ఆ వచనం తెలిసినవారు కాబట్టే మీకు ఈ సందేహం వచ్చిందని నేను అనుకుంటున్నాను.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. ప్రసంగం కోసమే అయితే మీరు ఇల్లు కదలనక్కరలేదు. మా సికింద్రాబాదు వైపు చిన్న సంఘాల్లో ప్రసంగం చాలా ఆదివారాలు సాదాసీదాగానే ఉంటుంది. అయ్యగారు, అంటే పాస్టరు గారు, వారమంతా ఆసుపత్రులకూ సమాధుల తోటకూ తిరిగి, శనివారం రాత్రి సిద్ధపడి వస్తారు. పాటల విషయంలోనూ ఫోనుదే పైచేయి. వంద మంది పట్టే హాలులో వెయ్యి మందికి సరిపడే స్పీకర్లు పెట్టి, కీబోర్డు ప్యాడ్ల మోతలో పాత కీర్తనల మాటలు ఒక్కటీ వినబడకుండా చేయడం ఇప్పుడు ప్రతి సంఘానికీ ఒక ఘనకార్యమైపోయింది. పురుషోత్తమ చౌదరి గారి వంటి కవులు పంతొమ్మిదవ శతాబ్దంలో రాగతాళాలు చూసుకుని కట్టిన కీర్తనలకు ఈ గతి పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

అయినా వెళ్లమంటున్నాను, ఎందుకంటే ఫోనులో మీకు చూపించనిది ఒకటుంది. అది ప్రకటనల సమయం. కార్యదర్శి గారు చేతిలో కాగితాలతో లేచి, గొంతు సవరించుకుని, మైకును రెండుసార్లు తట్టి, పదిహేను నిమిషాల పాటు చదివే ఆ జాబితాను ఏ వీడియోలోనూ ఉంచరు. ఈ వారం కుటీర ప్రార్థన ఎవరింట్లో, గాంధీ ఆసుపత్రిలో ఎవరు ఏ వార్డులో ఉన్నారు, స్త్రీల సమాజం కూడిక గురువారానికి ఎందుకు మారింది, ఫలానా వరునికీ ఫలానా వధువుకూ జరగబోయే వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవలెనన్న మూడు వారాల ప్రకటనలో ఇది ఎన్నవది, గేటుకు అడ్డంగా స్కూటరు పెట్టినవారు ఎవరు, పోయిన వారం వరండాలో మరచిపోయిన గొడుగు ఎవరిది. వినడానికి విసుగే. కానీ నా దృష్టిలో సంఘమంటే ఆ పదిహేను నిమిషాలే, మిగతా గంటన్నర ఆరాధన. ఆరాధనను మీరు ఎక్కడైనా చేసుకోవచ్చు.

నేను బ్యాంకులో పనిచేశాను కాబట్టి మా సంఘంలో కానుకలు లెక్కపెట్టే పనిలో కోశాధికారికి చాలా కాలంగా సాయంగా ఉంటున్నాను. సంచిలో పడే నోట్ల కన్నా విడిగా వచ్చే కృతజ్ఞత కానుకల కవర్ల మీదే నాకు ఆసక్తి. కవరు మీద పేరు, మొత్తం, కారణం రాస్తారు; కార్యదర్శి గారు వాటిని ప్రకటనల్లో చదువుతారు; ఒక్కొక్కదానికి సభ వారు స్తోత్రం అంటారు. మా నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో ఆ కారణాలు ఎక్కువగా ప్రమోషన్లూ ప్రసవాలూ ఉండేవి. ఇప్పుడు వీసాలూ, స్టెంటు వేయించుకోవడాలూ, ఫ్లాటు రిజిస్ట్రేషన్లూ ఎక్కువ.

కొన్నేళ్ల కిందట, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక ఆదివారం ఆ కవర్ల మధ్య నోటుబుక్కు నుంచి చింపిన కాగితం ఒకటి వచ్చింది. నాలుగు మడతలు పెట్టి, పిన్ను కొట్టి, లోపల పది రూపాయల నాణేన్ని టేపుతో అంటించారు. అప్పటి మా కార్యదర్శి గారు రైల్వేలో గార్డుగా పదవీ విరమణ చేసినవారు. ఏ కాగితాన్నీ ముందుగా చూసుకునే అలవాటు లేదు, చేతికి వచ్చింది వచ్చినట్టు గట్టిగా చదివేవారు. "మా డాడీ శనివారం" అని మొదలుపెట్టారు. అక్కడ ఒక క్షణం ఆగారు. ఆగిపోతే ఇంకా పెద్ద రచ్చ అవుతుందని గ్రహించారేమో, అదే గొంతుతో "తాగకుండా ఇంటికి వచ్చినందుకు, పది రూపాయలు" అని పూర్తి చేశారు.

పేరు లేదు. కానీ చిన్న సంఘంలో పేరు రాయనంత మాత్రాన ఏమీ దాగదు. ఆ తండ్రి ఆటో నడిపేవాడు. ఆశీర్వాదానికి ముందే జారుకోవడానికి వీలుగా ఎప్పుడూ తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. ఆ రోజు అతను కీర్తనల పుస్తకం తెరిచి, పాట నంబరేదీ చెప్పకపోయినా, పుటలు తిరగేస్తూ ఉండిపోయాడు. సండే స్కూలు పిల్లల వరుసలో అతని కొడుకు మాత్రం తన కవరు చదివారన్న సంతోషంతో మెడ నిక్కించి చుట్టూ చూస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ముందు వరుసలో నుంచి, ప్రతి విషయానికీ ఏదో ఒక వంక పెట్టే ఒక పెద్దమ్మగారు, వీసా వచ్చినవారికి ఎంత మామూలుగా అంటారో అంతే మామూలుగా "స్తోత్రం" అన్నారు. వెంటనే సభంతా అంది. కార్యదర్శి గారు తరువాతి కవరు అందుకున్నారు. అది కుమార్తెకు అమెరికా వీసా వచ్చినందుకు అయిదు వేలు.

ఆరాధన అయ్యాక లెక్క రాస్తూ ఆ కాగితాన్ని నేను చేతిలోకి తీసుకుని చూశాను. పెన్సిలు రాత. "తాగకుండా" అన్న మాటను మొదట తప్పుగా రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ రాశాడు. అక్కడ కాగితం పలచబడి చిరగడానికి సిద్ధంగా ఉంది. రశీదు ఎవరి పేరున రాయాలని కోశాధికారి గారు అడిగితే, "ఒక విశ్వాసి" అని రాయమన్నాను.

ఆ పై వారం కమిటీలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఇంటి గుట్టు బయటపడింది కాబట్టి ఇకపై కవర్లను ముందుగా పరిశీలించి చదవాలని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆ ఇంటి గుట్టు ఆ వీధికంతటికీ తెలిసినదే. తెలియనట్టు నటించే అవకాశం మాకు పోయింది, అంతే. అయ్యగారు అతన్ని పిలిచి బుద్ధి చెబుతానన్నారు. దానికన్నా తెలివైన పని సంఘం పనులు చూసుకునే మా స్టీవార్డు గారు చేశారు. వారాసిగూడలో ఉన్న ఇద్దరు ముసలమ్మలను ఆదివారం ఉదయం ఆరాధనకూ, శనివారం సాయంత్రం ప్రార్థన కూటానికీ ఆటోలో తీసుకువచ్చి దిగబెట్టగలవా, కిరాయి సంఘం ఇస్తుంది అని అడిగారు. శనివారం సాయంత్రమంటే ఏ వేళో ఆయనకు బాగా తెలుసు. తాగుడు మాట ఎవరూ ఎత్తలేదు.

దీనితో అతను మారిపోయాడని రాస్తే సాక్ష్యాల కూటంలో చప్పట్లు పడతాయి గానీ, జరిగింది అది కాదు. కొన్ని నెలలు బాగున్నాడు, ఒక వేసవిలో మళ్లీ మొదలుపెట్టి సంఘానికి రావడం మానేశాడు. అప్పుడు ఆ ముసలమ్మలిద్దరూ వేరే ఆటో మాట్లాడుకుని అతని ఇంటికే వెళ్లి, నీ మూలంగా మాకు రెండు ఆదివారాలు ప్రభువు బల్ల సంస్కారం తప్పిపోయింది, ఈ ఆటోవాడు మమ్మల్ని నిలువునా దోచాడు అని గుమ్మంలో నిలబడి కేకలేశారు. ప్రార్థన కూడా చేశారట, అది తరువాత. అతను తిరిగి వచ్చాడు. పూర్తిగా మానాడని నేను నేటికీ హామీ ఇవ్వలేను. ఆటో మాత్రం వస్తోంది.

మీ ఫోనులో వచ్చే ఏ ఆరాధన కిందైనా కామెంట్లలో ఇలాంటి ప్రార్థన మనవులు వందలకొద్దీ ఉంటాయి. వాటి కింద "ఆమెన్" అని రాసినవారిలో ఒక్కరైనా ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లలేరు, ఎందుకంటే ఆ గుమ్మం ఎక్కడుందో వారికి తెలియదు.

ఇప్పుడు మా సంఘంలోనూ కవర్లు తగ్గిపోయాయి. ద్వారం దగ్గర, బలిపీఠం పక్కన, చివరికి చెప్పులు విడిచే చోట కూడా క్యూఆర్ కోడ్ అంటించారు. డబ్బు పెరిగిందని కమిటీ వారి సంతోషం. నాకు బ్యాంకు స్టేట్‌మెంటులో పేరూ మొత్తమూ కనిపిస్తాయి గానీ కారణం కనిపించదు. ఎవరు దేనికి స్తుతించారో తెలియకుండా డబ్బు మాత్రం ఖాతాలో పడటం విద్యుత్ బిల్లు కట్టించుకున్నట్టుగా ఉంది.

ప్రకటనలు లేని సంఘం ఎలా ఉంటుందో 2020లో మేమందరం చూశాము. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మట్టల ఆదివారం, శుభ శుక్రవారం నాటి సిలువ మీది ఏడు మాటల ధ్యానం, ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు అన్నీ ఫోనులోనే గడిచాయి. మా యవ్వనస్తులు అయ్యగారి ప్రసంగాన్ని శ్రద్ధగా చిత్రీకరించి పెట్టేవారు, పాటలు కలిపేవారు, ప్రకటనలను మాత్రం ఎవరూ చూడరని తీసేసేవారు. ఫలితంగా, ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించిన సంగతి పక్క వీధిలో ఉన్నవారికే చాలా ఆలస్యంగా తెలిసింది. అది తెలిశాక స్త్రీల సమాజం వారు సభ్యుల రిజిస్టరును పుటలుగా పంచుకుని, తలా ఒక పుటలోని ఇళ్లకు వారం వారం ఫోను చేయడం మొదలుపెట్టారు. బియ్యం ఎవరికి అయిపోయాయి, బీపీ మాత్రలు ఎవరికి దొరకడం లేదు అన్నది అలా తెలిసింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవవచ్చని అనుమతి వచ్చాక కూడా ఆ ఫోన్లు చాలా కాలం ఆగలేదు. ఎవరికైనా ఆ రోజుల నాటి ప్రసంగం ఒక్కటైనా గుర్తుందా అని నేను అడిగి చూశాను. ఫోన్లు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

పెద్ద సంఘాలన్నీ ఇలాగే ఉంటాయని నేను అనడం లేదు. గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను అనే పెద్ద సంఘాన్ని చూడండి. మా పిన్ని అక్కడి సహవాసంలోనే ఉండేది. చాపల మీద గంటల తరబడి కూర్చుని ఆరాధన ముగిశాక, కొత్తా పాతా తేడా లేకుండా వరుసల్లో కూర్చుని ప్రేమవిందు చేసేవారు. పక్కన కూర్చున్నవారు అన్నం వడ్డించేలోపు మీ ఊరు, మీ పని, మీ ఇంట్లో ఎవరికి బాగాలేదు అన్నది రాబట్టేసేవారు. అదీ ఒక రకమైన ప్రకటనల సమయమే. ఆ సహవాసానికి నాయకత్వం వహించి 2000లో ఇదే నగరంలో కన్నుమూసిన భక్తసింగ్ గారు పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టినవారు. చిన్ననాట గురుద్వారాలో అందరినీ కూర్చోబెట్టి పెట్టే లంగరు భోజనం చూసి పెరిగారు కాబట్టే విందుకు అంత స్థానం ఇచ్చారన్నది నా గట్టి నమ్మకం. ఆధారం అడగకండి.

చిన్న సంఘం స్వర్గమని కూడా చెప్పను. ప్రకటనలను శ్రద్ధగా వింటే అక్కడి లోపాలు కూడా అందులోనే బయటపడతాయి. ఎవరి తల్లి పోతే జ్ఞాపకార్థ కూటానికి అయిదు నిమిషాల ప్రకటన వస్తుంది, ఎవరి తల్లి పోతే ఒక్క వాక్యంతో సరిపెడతారు అన్నది గమనించండి. కులం గుమ్మం బయటే ఆగిపోతుందన్నది మనం చెప్పుకునే మాట. కమిటీ ఎన్నికల ప్యానెళ్లలో, పెళ్లి ప్రకటనల్లో ఎవరి పక్కన ఎవరి పేరు వస్తుందన్న దానిలో అది చక్కగా కనబడుతుంది. కోస్తా వారు, తెలంగాణ వారు అన్న విభజన దాని మీద అదనం. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు తమ శతాబ్దాల తేడాలు పక్కన పెట్టి దక్షిణ ఇండియా సంఘంగా ఒకటయ్యారు. అలాంటి సంఘానికి వారసులమైన మేము, పంటల పండుగ వేలంపాటలో మొదటి గుమ్మడికాయ ఎవరు పాడాలన్న దాని మీద రెండు వర్గాలుగా చీలిన రోజులు నాకు తెలుసు. అవన్నీ చూసి కూడా వెళ్లమంటున్నాను. ఆ రెండు వర్గాల వారూ ఎవరైనా పోయినప్పుడు జరిగే ఆదరణ కూటం దగ్గర ఒకే బల్ల మీద టీ గ్లాసులు పేరుస్తారు. ఆ తరువాత మళ్లీ పోట్లాడుకుంటారు.

ఇక మీరు చేయవలసిన పని. నిజాంపేట నుంచి ఆటోలో పది నిమిషాల్లో చేరగలిగే సంఘాన్ని చూసుకోండి. ప్రసంగీకుని పేరు చూసి నగరానికి ఆ చివరకు వెళ్లకండి, ఆ ట్రాఫిక్‌లో మీరు వారం మార్చి వారం కూడా వెళ్లలేరు. ప్రకటనలయ్యేదాకా లేవకండి. ఆశీర్వాదం కాగానే బండి తీయకుండా వరండాలో కాసేపు నిలబడండి. ఎవరో ఒకరు వందనాలు చెప్పి మీ వివరాలు అడుగుతారు, అడగకపోతే మీరే కార్యదర్శి గారి దగ్గరకు వెళ్లి ఫోను నంబరు ఇవ్వండి. మీ ఊరి సంఘం నుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం ఇప్పుడే తెప్పించుకోండి. ఊళ్లో అయ్యగారు మారిపోతే పాత రిజిస్టరు వెతికించడం పెద్ద పని, పైగా ఇక్కడ ఏదైనా పెళ్లికో సమాధి స్థలానికో అందరూ ముందుగా అడిగేది ఆ ఉత్తరమే.